నూట ఏడో ఉట్టితీగ శ్రుతి

నమోదు 1. మంగళవారం.
సాధన 40 నిమిషాలు. తప్పులు 212. వేళ్ళ మీద బొబ్బలు 3.

ముప్పై ఒక్క సంవత్సరాలు వంతెన కొలతల కార్యాలయంలో పనిచేసి, డెబ్బై రెండో ఏట గిటార్ పట్టుకున్నాను. నా అంతట నేను పట్టుకోలేదు. మనవరాలు తాయారు పుట్టినరోజు కానుకగా తెచ్చి ఒళ్ళో పెట్టింది. "వేళ్ళకి వ్యాయామం, నీకు కాలక్షేపం అమ్మమ్మా" అంది. నాకు కాలక్షేపం కావాలని ఎవరు చెప్పారో మాత్రం చెప్పలేదు.

దాని పూర్తి పేరు మంగతాయారు. ఈ తరం పిల్లలకి ఇలాంటి కొత్త ఫ్యాషన్ పేర్లు పెడుతున్నారు. మా కాలంలో హాయిగా లాస్య, ఆద్య అని పాత పద్ధతి పేర్లుండేవి. నా పేరు హన్విక.

గిటార్‌తో పాటు 'ఆరుతీగల సమితి'లో సభ్యత్వం కూడా ఇప్పించింది. ఈ వంతెన మీదా, అటూ ఇటూ కొండల మీదా, నీళ్ళ మీది పడవ ఊళ్ళలోనూ కలిపి నలభై వేల మంది చెవిలో చిన్న గింజ పెట్టుకుని, ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, ఒకరికొకరు వాయించి వినిపించుకుంటారు. చేరాలంటే 'అంగీకరిస్తున్నాను' అన్నచోట నొక్కాలి. నేను ముందు షరతులు చదివాను. అరవై ఒక్క పేజీలు. రెండు రోజులు పట్టింది. నలభై నాలుగో పేజీలో ఇలా ఉంది: 'సభ్యుల ఉత్సాహం దెబ్బతినకుండా, వారు వినే ప్రతి శబ్దాన్నీ సర్దుబాటు చేసి వినిపిస్తాము.' ఆ వాక్యం పక్కన ఆవగింజంత గడి ఉంది, వద్దనుకునే వారి కోసం. అది నొక్కాను.

మర్నాడు సమితి సహాయ విభాగం వారు ఉత్తరం రాశారు. ఇంతవరకూ ఆ గడి నొక్కింది నేనొక్కదాన్నేనట. మనసు బాగానే ఉందా అని అడిగారు.

నమోదు 2. గురువారం.
సాధన 40 నిమిషాలు. తప్పులు 205.

మొదటి పాఠం గిటార్‌ని శ్రుతి చేసుకోవడం. అందుకు సమితి ఒక చిన్న శ్రుతిపెట్టె పంపింది. తీగ ఎలా మీటినా పచ్చదీపం వెలిగించి "శభాష్" అంటుంది. పరీక్షించడానికి గిటార్ పక్కన పెట్టి దగ్గాను. శభాష్ అంది. తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పెట్టాను.

మా గుమ్మం పక్కనే నూట ఏడో ఉట్టితీగ ఉంది. రెండు కొండల మధ్య వంగి వేలాడే లావుపాటి గొలుసుతీగ నుంచి దిగి, రోడ్డునీ రోడ్డు మీది మా ఇళ్ళనీ నీళ్ళలో పడకుండా పట్టుకునేవే ఉట్టితీగలు. మొత్తం రెండు వందల పద్నాలుగు, పొడవు ఏదైనా అన్నిటినీ ఒకే స్వరానికి బిగిస్తారు. మా ఇల్లు వంతెన నడిమధ్య ఉండడం వల్ల ఇక్కడివి పొట్టివి, రెండు నిలువుల ఎత్తు. అప్పడాల కర్రతో నూట ఏడుని ఒక్కటి వేస్తే ఘుమ్మని మోగింది. సరిగ్గా గిటార్ ఆరో తీగ పలకాల్సిన స్వరం. వంటింట్లో ఇత్తడి చెంబుని కొడితే అదే స్వరం, రెండు స్థాయిలు పైన, అంటే ఒకటో తీగ.

ఆరో తీగని ఉట్టితీగతో కలిపాను. మిగతా అయిదింటినీ దాన్నుంచి లెక్క కట్టుకున్నాను. ఇకమీదట ప్రతి గురువారం ఇలాగే.

నమోదు 3. ఆదివారం.
సాధన 45 నిమిషాలు. తప్పులు 187.

సాయంత్రం సమితి కచేరీ. తాయారు తొమ్మిదో మెట్టు ఎక్కిన సందర్భం. సమితిలో పది మెట్లున్నాయి. ఎక్కినవాళ్ళు చాలామంది, దిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. నేను గింజ చెవిలో పెట్టుకుని, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను.

మొదట మా గురువు చెంచురామయ్య. ఇరవై ఆరేళ్ళవాడు, గొంతులో తేనె కలుపుకుని మాట్లాడతాడు. నాలుగు నిమిషాల్లో తప్పులు 19. తరువాత నా చిన్ననాటి స్నేహితురాలు లాస్య. పన్నెండో ఉట్టితీగ దగ్గర ఉంటుంది, ఆరో మెట్టు. మూడు నిమిషాల్లో 88. తాళం గురించి రాయను. లేనిదాన్ని లెక్కపెట్టడం కష్టం. ఆ తరువాత పడవ ఊరి నుంచి ఒకాయన. 140 దగ్గర నా పెన్సిలు ముక్కు విరిగింది.

చివర తాయారు వాయించింది. బాగుంది.

కచేరీ అయ్యాక, మెచ్చుకోలుగా వచ్చిన పూలు లెక్కపెట్టుకుని లాస్య పలకరించింది.

"విన్నావా నా వాయింపు? నాలుగొందల పూలొచ్చాయే."

"విన్నాను. మధ్యలో ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నావనుకున్నాను."

"నీకు చిన్నప్పట్నుంచీ కుళ్ళే హన్వికా. ఒక్క మెట్టెక్కి మాట్లాడు."

నమోదు 5. ఆదివారం.
సాధన 45 నిమిషాలు. తప్పులు 171.

తాయారు భోజనానికి వచ్చింది. నూట అరవయ్యో ఉట్టితీగ దగ్గర ఆడపిల్లల వసతిగృహంలో ఉంటుంది. ప్రతి ఆదివారం వస్తుంది.

ఉద్యోగం గురించి అడిగాను. ప్రతి మంగళవారం పదింటికి యంత్రపు సుత్తి ఒక్కొక్క ఉట్టితీగనీ కొడుతుంది. ఆ శబ్దం తాయారు చెవిలోని గింజకి వస్తుంది. వదులైతే స్వరం కిందికి దిగుతుంది కాబట్టి విని, సరిగా ఉంటే పచ్చగుర్తు, లేకపోతే ఎర్రగుర్తు పెట్టాలి. దానిది వంద నుంచి నూట ఇరవై వరకూ. సమితిలో ఎనిమిదో మెట్టు ఎక్కినవాళ్ళనే ఈ పనికి తీసుకుంటారు. మచ్చ లేకుండా నలభై మంగళవారాలు వింటే 'పెద్దచెవి' అని శాశ్వత ఉద్యోగం, కొండవైపు సొంత క్వార్టరు. దానికి ముప్పై రెండు అయ్యాయి. ఎర్రగుర్తు పెట్టి, యంత్రం దాన్ని ఒప్పుకోకపోతే లెక్క మళ్ళీ సున్నా నుంచి.

"ఎప్పుడైనా ఎర్రగుర్తు పెట్టావా?"

"ఎందుకు పెడతాను? అన్నీ అద్భుతంగా మోగుతుంటేనూ. మూడేళ్ళుగా ఎవ్వరూ పెట్టలేదమ్మమ్మా."

"మనుషులు సుత్తులు పట్టుకుని తిరిగే రోజుల్లో నెలకి రెండో మూడో పడేవి. నేనే ఎక్కించేదాన్ని పుస్తకంలో."

"అందుకేగా వాళ్ళని తీసేశారు."

అన్నం ఇంకొంచెం పెట్టాను.

నమోదు 9. గురువారం.
సాధన 50 నిమిషాలు. తప్పులు 140.

తరగతి మొదట్లో సమితి ఒక ఆధారస్వరం వినిపిస్తుంది. రెండు వారాలుగా అది నా గిటార్ కంటే వెంట్రుకవాసి పైన వినబడుతోంది. ఇవాళ రెండు వెంట్రుకలు. ఊరుకోలేక నోరు తెరిచాను.

"చెంచురామయ్యగారూ, మీ ఆధారస్వరం పైకి పోయింది."

"ఎంత చక్కటి పరిశీలన మామ్మగారూ. అందరూ మామ్మగారికి పూలు వెయ్యండి."

"పూలెందుకు? సరిచెయ్యండి."

"శ్రుతి అనేది గమ్యం కాదండి మామ్మగారూ, ప్రయాణం."

"మా నూట ఏడో ఉట్టితీగ ప్రయాణం చెయ్యదు బాబూ. చేస్తే మేమంతా నీళ్ళలో ఉంటాం."

నూట పది పూలు వచ్చాయి.

నమోదు 12. శనివారం.
సాధన 50 నిమిషాలు. తప్పులు 133.

ఆధారస్వరం గురించి సమితికి ఈ రోజుతో కలిపి ఏడు ఉత్తరాలు రాశాను. మొదటి నాలుగింటికి కృతజ్ఞతలు వచ్చాయి. అయిదోదానికి నన్ను 'నెలవారీ ఉత్సాహమూర్తి' అన్నారు. ఆరోదాన్ని, కొత్తవారిని నిరుత్సాహపరిచే విధంగా ఉందని దాచేశారు. ఏడోదానిలో ఈ వారం తేడాని అంకెల్లో రాశాను. అంకెలు నొప్పించగలవని, వాటి బదులు రంగులు వాడమని సూచించారు.

నలభై వేల మంది కలిసి నెమ్మదిగా పైకి తేలిపోతున్నారు. ఒక్కరికీ తెలియదు. పొగడ్త తేలిక పదార్థమని అనుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు కొలతతో రుజువైంది.

నమోదు 15. మంగళవారం.
సాధన లేదు.

పులుసు కలుపుతుంటే గరిటె జారి ఇత్తడి చెంబుకి తగిలింది. చెంబు మోగింది. నేను అలాగే నిలబడిపోయాను. పొయ్యి కట్టేసి, గిటార్ తెచ్చి, ఒకటో తీగ మీటాను. చెంబు నా గిటార్ కంటే పైన ఉంది. సమితి ఆధారస్వరం ఎంత పైన ఉందో సరిగ్గా అంత.

చెంబుకి సమితిలో సభ్యత్వం లేదు. చెవిలో గింజ లేదు. దాన్ని ఎవరూ ప్రోత్సహించలేదు. నా పెళ్ళినాటి నుంచీ దాని స్వరం మారలేదు.

ఆధారస్వరం సరిగానే ఉంది. కిందికి జారింది నా గిటార్. ప్రతి గురువారం దాన్ని దేనితో కలుపుతున్నానో అది జారుతోంది కాబట్టి.

బయటికి వెళ్ళి నూట ఏడుని చూశాను. చూస్తే ఏమీ తెలియదు. రంగు కూడా ఈ మధ్యే వేశారు.

నమోదు 9 నుంచి 14 వరకూ ఆధారస్వరం గురించి రాసినవన్నీ కొట్టేశాను. లాస్య తాళం గురించి రాసింది ఉంచాను.

నమోదు 16. శుక్రవారం.

ఇకనుంచి గిటార్ శ్రుతి చెంబుతోనే. ఆరో తీగని చెంబు ప్రకారం కలిపి, గిటార్‌ని ఉట్టితీగకి ఆనించి, రెండిటినీ ఒకేసారి మోగించాను. రెండు స్వరాలు దగ్గరగా ఉండి కలవకపోతే శబ్దం ఊగుతుంది, ఊయల తోసినట్టు. పాఠం ఏడులో దీన్ని అల అన్నారు. తేడా పెరిగేకొద్దీ అలలు త్వరగా వస్తాయి. స్వరాలు కలిసిపోతే అలలు ఆగిపోతాయి. ఆ పాఠం రాసినవారికి నా నమస్కారం. సమితిలో సర్దుబాటు చెయ్యనిది అదొక్కటే, ఎందుకంటే అది అచ్చులో ఉంది.

పది సెకన్లకి అలలు:
బుధవారం 20. గురువారం 21. ఇవాళ 21.

ఎండకి సాగిందేమో అనుకుని తెల్లవారుజామునా మధ్యాహ్నమూ కూడా చూశాను. ఎండకి సాగేది చల్లబడ్డాక వెనక్కి వస్తుంది. ఇది రావడం లేదు. నూట ఆరు, నూట ఎనిమిది మాత్రం పైకి పోయాయి. జారినదాని బరువు పక్కవి మోస్తున్నాయన్నమాట.

ఈ మూడింటి మీదా ఆధారపడి పదకొండు ఇళ్ళున్నాయి. నలభై ఆరుగురు మనుషులు. నేను కాక.

నమోదు 17. శనివారం.

వంతెన కార్యాలయానికి వెళ్ళాను. కిటికీలో ఉన్న గుమాస్తా ఒకప్పుడు నా కింద పనిచేసినవాడే. లేచి నిలబడ్డాడు, అక్కడి వరకూ బాగానే ఉంది.

"మేడమ్, నూట ఏడుకి వరసగా పచ్చగుర్తులే ఉన్నాయండి. ఒక్కటి కూడా పోలేదు."

"గుర్తులు కాదు, తీగని చూడమంటున్నాను."

"శబ్దం మీద ఫిర్యాదు ఆ భాగం వినే ఉద్యోగి నుంచే రావాలండి. నివాసుల నుంచి తీసుకోం. పదహారో నియమం."

"అది ఎవడు రాశాడయ్యా?"

అతను బల్ల మీదికి చూస్తూ, "తమరేనండి" అన్నాడు.

నిజమే. ఇరవై రెండేళ్ళ కిందట, మనుషులు ఊరికే వచ్చి విసిగిస్తున్నారని రాశాను. పదాలు చాలా కచ్చితంగా కుదిరాయి. సందు ఎక్కడా లేదు.

సాయంత్రం సమితి సమావేశంలో ఏమీ చెప్పకుండా గింజని ఉట్టితీగ దగ్గర పెట్టి, నూట ఏడునీ ఆరో తీగనీ కలిపి మోగించాను. ఆ ఊగుడు వింటే చెవిటివాళ్ళు కూడా లేచి కూర్చుంటారనుకున్నాను. మోత ఆగింది. తరువాత చెంచురామయ్య గొంతు.

"ఎంత నిండైన స్వరం మామ్మగారూ. ఎక్కడా వణుకు లేదు."

ఎనిమిది వందల పూలు. నన్ను రెండో మెట్టుకి ఎక్కించారు. లాస్య విడిగా పిలిచి, "ఇన్నాళ్ళకి దారిలో పడ్డావే" అంది.

ఇవాళ్టి అలలు 22.

నమోదు 18. ఆదివారం.

వంకాయ కూర, చారు. తాయారు పన్నెండింటికి వచ్చింది. ముప్పై తొమ్మిది మంగళవారాలు అయ్యాయి. ఎల్లుండి నలభయ్యోది. కొత్త క్వార్టరు కిటికీలకి పరదాల రంగు కూడా ఎంచుకుందట.

"చెయ్యి కడుక్కుని ఇలా రా" అన్నాను. "చెవిలో గింజ తియ్యి."

"ఎందుకమ్మమ్మా? తీస్తే బోసిగా ఉంటుంది."

"ఉండనీ."

తీసి బల్ల మీద పెట్టింది. గుమ్మం బయటికి తీసుకెళ్ళి అప్పడాల కర్రతో నూట ఏడుని కొట్టాను. తరువాత నూట ఎనిమిదిని.

"ఏమైనా తేడా తెలిసిందా?"

"రెండూ బాగానే ఉన్నాయి."

"బాగున్నాయా అని అడగలేదు. ఒకటేనా అని అడిగాను."

మళ్ళీ కొట్టాను. మళ్ళీ. దాని మొహంలో తొమ్మిదో మెట్టు కొద్దిగా కదిలింది.

"నాకు తెలియట్లేదు" అంది చివరికి, చాలా చిన్నగా. ఆరేళ్ళుగా దాని చెవిలో పడిన ప్రతి స్వరమూ ముందే దిద్దినది. తప్పు స్వరం ఎలా ఉంటుందో అది ఎన్నడూ విననేలేదు.

చెవితో కాకపోతే చేత్తో అనుకున్నాను. గిటార్‌ని నూట ఏడుకి ఆనించి, దాని అరచెయ్యి గిటార్ వీపు మీద పెట్టించాను. ఆరో తీగ మీటి, ఉట్టితీగని కొట్టాను.

"చేతికి ఏం తెలుస్తోంది?"

"ఊగుతోంది. తోస్తోంది, వదిలేస్తోంది."

"లెక్కపెట్టు. నేను గడియారం చూస్తాను."

ఒకటి, రెండు అని మొదలుపెట్టింది. ఇరవై దాటాక కూడా ఆగలేదు. ఇరవై నాలుగు.

"ఎంత ఉండాలి?"

"సున్నా."

గిటార్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "నేను ముప్పై తొమ్మిదిసార్లు సరే అన్నాను" అంది.

"సరే అన్నది గింజ. సంతకం నీది."

"యంత్రం ఎర్రగుర్తు ఒప్పుకోదమ్మమ్మా. లెక్క సున్నా అయిపోతుంది. ఇన్నాళ్ళూ పెట్టిన పచ్చగుర్తులు తప్పని తేలితే అసలు ఉద్యోగమే ఉండదు."

"తెలుసు."

"మరి ఏం చెయ్యమంటావు?"

"నేను కొలతలు తీసేదాన్ని. కొలత చెప్పాను. గుర్తు పెట్టాల్సింది నువ్వు."

మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయింది. గింజ బల్ల మీదే ఉండిపోయింది. అంత కటువుగా చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఇంకోలా ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియడం లేదు.

నమోదు 19. సోమవారం.

అలలు 27. తాయారు నుంచి కబురు లేదు. ఇరుగుపొరుగు పది ఇళ్ళకీ వెళ్ళి చెప్పాను. కార్యాలయం బోర్డు మీద పచ్చగుర్తుంది కదండీ అన్నారు పది ఇళ్ళవాళ్ళూ.

నమోదు 20. మంగళవారం.

తొమ్మిదిన్నరకి తాయారు వచ్చింది. గిటార్ తీసుకుంది, చెంబు కొట్టి ఆరో తీగ సరిచూడమని నాకిచ్చింది, అప్పడాల కర్ర చేతిలోకి తీసుకుంది. వందో ఉట్టితీగ దగ్గర మొదలుపెట్టింది. ఒక్కొక్కదానికీ గిటార్ ఆనించడం, అరచెయ్యి పెట్టడం, కొట్టడం, లెక్కపెట్టడం. వెనకాల నేను గడియారంతో. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకాయన "ఏమ్మా, తీగలకి అప్పడాలు చేస్తున్నావా?" అన్నాడు. అది తల ఎత్తలేదు.

నూట ఇరవై దాకా వెళ్ళేసరికి పదీ నలభై. పద్దెనిమిది పచ్చగుర్తులు, మూడు ఎర్రగుర్తులు: 106, 107, 108.

గుర్తులు పెట్టే పలకలోంచి యంత్రం మూడుసార్లు అడిగింది, నాకూ వినబడేలా.

"మీరు అలసిపోయినట్టున్నారు. మళ్ళీ వింటారా?"

"అక్కర్లేదు."

"మిగతా శ్రోతలందరూ సంతోషంగా ఉన్నారు. గుర్తు మారుస్తారా?"

"మార్చను."

"మీ నలభయ్యో మంగళవారం ఇది. మీకు తెలుసా?"

తాయారూ నేనూ అప్పటికి మా గుమ్మం దాకా తిరిగి వచ్చాం. దాని చెయ్యి నూట ఏడు మీద ఉంది. "తెలుసు" అంది.

లెక్క సున్నా అయింది.

ఎర్రగుర్తు పడితే ఆరు గంటల్లోగా ఒక మనిషి నిచ్చెన పట్టుకుని రావాలి; యంత్రం ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. అది పదిహేడో నియమం. అదీ నేను రాసిందే. మూడేళ్ళుగా అవసరం పడలేదు కాబట్టి దాన్ని తీసెయ్యడం కూడా మర్చిపోయారు.

మేస్త్రీ మూడింటికి వచ్చి పైకెక్కాడు. దిగేటప్పుడు నిచ్చెన మెట్లు రెండేసి చొప్పున దిగాడు. పైన నూట ఏడుని గొలుసుతీగకి పట్టి ఉంచే బిగింపు నాలుగు వేళ్ళ మేర జారింది. నాలుగు బోల్టుల్లో రెండు లేవు.

"ఈ ఇళ్ళు ఇప్పుడే ఖాళీ చెయ్యాలండి" అన్నాడు. పచ్చగుర్తు సంగతి ఎవరూ ఎత్తలేదు.

నమోదు 21. శనివారం.

లాస్య ఇంట్లో ఉంటున్నాను. చెంబు, గిటార్, ఈ పుస్తకం, నాలుగు చీరలు తెచ్చుకున్నాను. లాస్య తన వాయింపు తాను వినడానికి కూడా గింజ పెట్టుకుంటుంది. నాకు ఆ సౌకర్యం లేదు. రోజుకి రెండు గంటలు వాయిస్తుంది.

నిన్న మధ్యాహ్నం గాలివాన వచ్చింది. రెండూ ఇరవైకి నూట ఏడు తెగింది. వెంటనే నూట ఆరు కూడా. నూట ఎనిమిది నిలబడింది. మా వసారా, సగం వంటిల్లు నీళ్ళలోకి వెళ్ళాయి. బియ్యం డబ్బా, దాని వెనకున్న శ్రుతిపెట్టె కూడా పోయాయి. పోతూ పోతూ శభాష్ అనే ఉంటుంది.

పదకొండు ఇళ్ళలోనూ మనుషులెవరూ లేరు.

నమోదు 23. గురువారం.
సాధన 30 నిమిషాలు. తప్పులు 58.

కార్యాలయం ప్రకటన అంటించింది: 'మన ఆధునిక శ్రవణ వ్యవస్థ ముందుగా పసిగట్టడం వల్ల ప్రాణనష్టం తప్పింది.' ఆ వ్యవస్థ లోపలున్న ఇత్తడి చెంబు గురించి ఎక్కడా లేదు.

తాయారు ఉద్యోగం పోయింది. తప్పు పచ్చగుర్తులు పెట్టినందుకు. అవే గుర్తులు పెట్టిన మిగతా శ్రోతలు ఉద్యోగాల్లోనే ఉన్నారు, వాళ్ళ తీగలు ఇంకా తెగలేదు కాబట్టి. కానీ మొత్తం రెండు వందల పద్నాలుగునీ మళ్ళీ వినాలని మేస్త్రీలు పట్టుబట్టారు, చేత్తో కొట్టి, గింజ లేకుండా. అలా వినగలిగేవాళ్ళ కోసం వెతికితే ఊళ్ళో ఒక్కతే దొరికింది. దాన్ని 'తాత్కాలిక సుత్తి సహాయకురాలు'గా పెట్టుకున్నారు. మూడేళ్ళ కిందట రద్దు చేసిన పోస్టు. నిన్నటికి తొంభై విన్నది, ఇంకో నాలుగు ఎర్రగుర్తులు పెట్టింది. యంత్రం ఇప్పుడు ప్రశ్నలు అడగడం మానేసింది.

సమితి దాని తొమ్మిది మెట్లూ తీసేసింది. సర్దుబాటు లేకుండా వినడం తోటి సభ్యుల మీద అవిశ్వాసమట. దిగినవాళ్ళు లేరని నమోదు 3లో రాశాను. ఇప్పుడు ఒకరు ఉన్నారు.

చెంచురామయ్య విడిగా రెండు వాక్యాలు రాశాడు. 'మామ్మగారూ, నలభై నాలుగో పేజీలో ఆ గడి సరిగ్గా ఎక్కడుంటుందండి? ఎవరికీ చెప్పకండి.'

కింద నుంచి మూడో వాక్యం పక్కన అని రాశాను. పూలు వెయ్యలేదు.

నమోదు 27. ఆదివారం.
సొంత ఇంట్లో సాధన. కొత్త వసారా, కొత్త నూట ఏడు.

కొత్త ఉట్టితీగకి గిటార్ ఆనించి చూశాం. అల లేదు. చాలాసేపు అలాగే ఉంచాం, ఎందుకో.

భోజనం అయ్యాక తాయారు గిటార్ అడిగింది. తొమ్మిదో మెట్టు ఎక్కినప్పుడు వాయించిన ముక్క మొదలుపెట్టింది. చెవిలో ఏమీ లేకుండా ఇదే మొదటిసారి. మూడో వరస మధ్యలో ఆగింది.

"నేనిలాగే వాయిస్తానా?"

"ఇంతకంటే తొందరగా వాయించేదానివి."

"ఆరేళ్ళుగానా?"

అది గిటార్ ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఆ రోజు కచేరీలో నీకు వినబడిందిగా. చెంచురామయ్యవి లెక్కపెట్టావు. లాస్య అమ్మమ్మవి లెక్కపెట్టి ఆవిడ మొహం మీదే చెప్పావు. నాకు ఒక్క మాట చెప్పలేదేం?"

ఈ పుస్తకం మొత్తం మీద అంకె లేని వాయింపు ఒక్కటే ఉంది. అది నమోదు 3లో ఉంది. నలభై వేల మంది చేసే పనే ఆ రోజు నేనూ చేశాను, గింజ సాయం కూడా లేకుండా. తాయారు ఆ అంకె అప్పుడే విని ఉంటే తన చెవుల్ని అనుమానించి ఉండేది. ముప్పై తొమ్మిది పచ్చగుర్తులు ముప్పై రెండు దగ్గరే ఆగేవేమో. నూట ఏడు సంగతి ఎప్పుడో బయటపడేదేమో.

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను" అన్నాను.

"లెక్కపెట్టావా అసలు?"

"పెట్టాను. రాయలేదు."

"ఎన్ని?"

"అరవై నాలుగు."

తాయారు నవ్వుతుందో ఏడుస్తుందో నాకు అర్థం కాలేదు. పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి నా ముందు పెట్టింది. పెన్సిలు ఇచ్చింది.

నమోదు 3కి సవరణ: 'బాగుంది' అన్న మాట కొట్టివేయడమైనది. చివర తాయారు వాయించింది. తప్పులు 64. సంతకం, హన్విక.

అప్పుడు అది పెన్సిలు నా చేతిలోంచి లాక్కుని, గిటార్ నాకిచ్చింది.

"ఇప్పుడు నువ్వు వాయించు. నేను పెడతాను లెక్క."

ఇరవై నిమిషాలు వాయించాను. నా లెక్కలో తప్పులు 36. తాయారు 38 అని రాసింది. ఆ రెండూ ఎక్కడని అడిగాను. ఫలానా చోట అని వేలు పెట్టి చూపించింది. మళ్ళీ మీటి, చెంబు కొట్టి చూశాం.

రెండూ తప్పులే. నాకు వినబడలేదు.